రెండో పిలుపు

మార్చి 2, ఆదివారం

మా ఆయన ప్రేమ్‌కుమార్ ఇవాళ స్విచ్‌లు రెండూ మార్చాడు. పాతవి పిండి దుమ్ము పట్టి బిగుసుకుపోయాయి. అత్త వేలికి లొంగడం లేదు.

ఒకటి అత్త మంచం పక్కన. ఇంకోటి ముందుగదిలో, పిండి పట్టే గిర్ని పక్కన. రెండింటికీ బల్బు ఒక్కటే, గిర్ని మీద వేలాడే ఎర్ర బల్బు. ఏదైనా కావాలంటే అత్త అక్కడ నొక్కుతుంది, ఇక్కడ వెలుగుతుంది. నేను ఇక్కడి స్విచ్‌తో ఆర్పేసి లోపలికి వెళ్తాను. ఆర్పకపోతే ఆమె మళ్ళీ పిలిచినప్పుడు నాకు తెలియదు కదా. మొదట కాలింగ్ బెల్ పెట్టి చూశాం. గిర్ని నడుస్తుంటే బెల్లూ వినపడదు, ఫోనూ వినపడదు.

అత్త గౌరీబాయికి ఇప్పుడు గొంతు లేదు. జనవరిలో ఆపరేషన్ అయింది. మెడ ముందు రంధ్రం, అందులో గొట్టం, ఊపిరంతా దాంట్లోంచే. దాని లోపల ఇంకో సన్న గొట్టం ఉంటుంది. కఫం గడ్డకట్టకుండా దాన్ని తీసి కడుగుతుండాలి. హాస్పిటల్‌లో నర్సు నాకే నేర్పింది. దుమ్ము తగలకూడదని గది తలుపు మూసే ఉంచుతాను, గిర్ని నడుస్తుంటే తీయొద్దని అత్తకూ చెప్పాను, గొట్టం మీద తడిగుడ్డ వేస్తాను. మిరపకాయలు పట్టడం మానేశాను. ఈ సీజన్‌లో మిరప పట్టని గిర్ని ఏం గిర్ని అని సూర్యాపేటలో సగం మంది నన్ను అడిగి వెనక్కి పోయారు.

బిగించడం అయ్యాక ప్రేమ్ అక్కడ నొక్కాడు, ఇక్కడ వెలిగింది. నేను ఆర్పాను, మళ్ళీ వెలిగించాను. అతను అక్కడ ఆర్పాడు. ఓకే అన్నాడు. సాయంత్రం దామరచర్లకు బస్సెక్కాడు. అక్కడి పవర్ ప్లాంటులో వారమంతా డ్యూటీ.

మార్చి 3, సోమవారం

పొద్దున ఒకసారి వెలిగింది. నీళ్ళు కావాలట. ఆర్పేసి వెళ్ళి ఇచ్చి వచ్చాను. తర్వాత పిలవలేదు. నిద్రపోయిందనుకుని గోధుమలన్నీ పట్టేశాను.

మధ్యాహ్నం జావ పట్టుకెళ్తే దుప్పటి తడిసి ఉంది. పిలవొచ్చు కదా అన్నాను. అత్త నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. బట్టలు మారుస్తున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉంది.

మార్చి 4, మంగళవారం. సాయంత్రం

పొద్దున పట్టిన భయం ఇంకా వదల్లేదు. రాస్తే తగ్గుతుందేమో.

పొద్దున గొట్టం కడిగి, తడిగుడ్డ వేసి, గిర్ని వేశాను. యశోద జొన్నలు తెచ్చింది. వెనక వీధి మనిషే, గొర్రెల వాళ్ళ ఇల్లు, నెలకు రెండుసార్లయినా వస్తుంది. ఆమె కూతురి సంగతులు చెవి దగ్గరగా వచ్చి అరిచి చెబుతుంటే నేను గిర్ని మీది డబ్బాలో జొన్నలు పోస్తున్నాను. బల్బు వెలగలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

అంతలో కరెంటు పోయింది. గిర్ని ఆగింది. ఆ నిశ్శబ్దంలో లోపల్నుంచి స్టీలు చప్పుడు. గ్లాసు పెట్టి మంచం ఇనుప పట్టీని కొడుతోంది. ఒకటి, ఆగి ఇంకొకటి. బలం లేని దెబ్బలు.

తలుపు తీశాను. అత్త మొహం నల్లబడింది. ఛాతీ ఎగురుతోంది గానీ గొట్టంలోంచి గాలి రావడం లేదు, సన్నగా ఈల మాత్రం వస్తోంది. లోపలి గొట్టం తిప్పి లాగాను. రాలేదు. మళ్ళీ తిప్పాను. వచ్చింది. దాని నిండా ఎండిన కఫం, కార్క్ బిగించినట్టు. అత్త ఒక్కసారిగా దగ్గింది. గాలి ఆడింది. యశోద గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

కరెంటు పోకపోయి ఉంటే?

రంగు తిరిగి వచ్చాక అత్త గోడవైపు తిరిగి పడుకుంది. నేను వీపు మీద చెయ్యి వేస్తే తీసేసింది.

కరెంటు వచ్చాక గిర్ని దగ్గరి స్విచ్ నొక్కాను. బల్బు చక్కగా వెలిగింది.

మార్చి 5, బుధవారం

ఎలక్ట్రీషియన్ లక్ష్మయ్యను పిలిపించాను. అక్కడ రెండుసార్లు నొక్కాడు, ఇక్కడ రెండుసార్లు నొక్కాడు, ప్రతిసారీ వెలిగింది, ఆరింది. ఫాల్ట్ ఏం లేదన్నాడు. పిండి దుమ్ముకు ఎప్పుడన్నా లూజ్ కాంటాక్ట్ అవుతుందేమోనని స్క్రూలు బిగించి వెళ్ళాడు.

ప్రేమ్ కూడా ఫోన్‌లో అదే మాట. తానే పెట్టి టెస్ట్ చేశానన్నాడు. నువ్వే చూసుకోలేదు అని మాత్రం అనలేదు. అనకపోయినా నాకు అర్థమైంది.

అత్త వీడియో కాల్‌లో కూతురికి చెప్పిందట. చేతులతో, పెదవులతో, మేం ఇంట్లో అలవాటు చేసుకున్న సైగల్లో. సింధు వదిన కోదాడలో ఉంటుంది, ప్రేమ్‌కు అక్క. సాయంత్రం నాకు ఫోన్ చేసింది. కోపంగా అరుస్తుందనుకున్నాను. నెమ్మదిగా మాట్లాడింది, దానికే ఎక్కువ భయం వేసింది.

"అమ్మ అన్నిసార్లు స్విచ్ వేసిందంట సరళా. నువ్వు గిరాకీతో మాట్లాడుకుంటా కూర్చున్నావంట. ఆదివారం వచ్చి అమ్మను నేను తీసుకుపోతాను."

బల్బు వెలగలేదన్నాను. మరి ఎలక్ట్రీషియన్ ఏమన్నాడని అడిగింది.



మార్చి 6, గురువారం

నేను నిజంగా చూడలేదా? జొన్నలు పోసేటప్పుడు తల వంచి ఉంటాను. పగటి వెలుతురులో ఎర్ర బల్బు అంత కొట్టొచ్చినట్టు కనిపించదు. యశోద మాటల్లో పడి ఉంటానా?

యశోదను అడిగాను. నేను నీ మొహం సూస్తున్నగని బల్బు ఎవరు సూసిండ్రు అంది.

ఇవాళ కాసేపు పట్టడం, గిర్ని ఆపడం, లోపలికెళ్ళి చూడటం. మళ్ళీ పట్టడం. పిండి సగం బరకగా వచ్చింది. ఒకావిడ డబ్బా తీసుకుని కొత్త బస్టాండ్ దగ్గరి గిర్నికి పోయింది. అత్త స్విచ్ ముట్టుకోవడం లేదు. గ్లాసు చేతిలో పట్టుకునే పడుకుంటోంది. "ఒక్కసారి నొక్కు అత్తమ్మా, ఎలుగుతదో లేదో సూద్దాం" అని బతిమాలాను. గ్లాసుతో మంచం పట్టీ మీద కొట్టి చూపించింది. నాకు ఇదే చాలు అని.

మార్చి 7, శుక్రవారం. పొద్దున

గిర్ని తెరవలేదు.

మార్చి 7. మధ్యాహ్నం

దొరికింది.

లక్ష్మయ్యలాగా ఊరికే నొక్కి చూడటం కాదు, సోమవారం ఎలా జరిగిందో అలాగే చేయాలనుకున్నాను. ముందు అత్తలాగా మంచం దగ్గర నొక్కాను. ముందుగదికి వెళ్ళాను. బల్బు వెలుగుతోంది. నాలాగా ఆర్పాను. నీళ్ళిచ్చినట్టు లోపలికి వెళ్ళి, మళ్ళీ అత్తలాగా నొక్కాను. వచ్చి చూశాను. బల్బు వెలగలేదు. వెళ్ళి ఇంకోసారి నొక్కాను. లేదు. ఎన్నిసార్లు నొక్కినా లేదు. గిర్ని దగ్గరి స్విచ్‌ను తిరిగి మార్చాకే మంచం దగ్గరి స్విచ్ మళ్ళీ పనిచేసింది.

అంటే మొదటి పిలుపు వస్తుంది. నేను ఆర్పేసి వెళ్తాను. ఆ తర్వాత ఆమె ఎంత నొక్కినా నా దగ్గర ఏమీ వెలగదు. నేను మళ్ళీ స్విచ్ ముట్టుకునేదాకా అంతే. సోమవారం నీళ్ళకు పిలిచింది. దాని తర్వాత ఆమె పిలిచిన ఒక్క పిలుపూ నాకు చేరలేదు. మంగళవారం మొదటి నుంచీ చేరలేదు. ఆ తర్వాత నేను నా స్విచ్ నొక్కగానే వెలిగింది, అది ఆ వైపే ఉండగా లక్ష్మయ్య నొక్కినా వెలిగింది, అందుకే నాకు నా మీదే అనుమానం వచ్చింది.

గిర్ని పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాను. అత్తకు ఇది నోటితో చెబితే నమ్ముతుందా? తప్పించుకోవడానికి కథ చెబుతున్నాననుకుంటుంది.

ముందుగది అంతా తడిగుడ్డతో తుడిచాను. అత్త గొట్టానికి కొత్త తడిగుడ్డ కట్టి, నడిపించుకుని వచ్చి, గిర్ని ముందు నా స్టూలు మీద కూర్చోబెట్టాను. ఆపరేషన్ అయ్యాక ఆమె ఈ గదిలోకి రావడం ఇదే మొదలు. వేలితో బల్బు చూపించాను.

"నువ్వు సరళవు. నేను గౌరీబాయిని. నేను పిలుస్తా, నువ్వు రావాలె."

విసుగ్గా చూసింది గానీ కూర్చుంది. నేను లోపలికెళ్ళి నొక్కాను. కాసేపటికి గోడ పట్టుకుని వచ్చింది. వచ్చే ముందు బల్బు ఆర్పావా అని అడిగాను. ఆర్పానని తల ఊపింది. మళ్ళీ తీసుకెళ్ళి కూర్చోబెట్టాను.

ఈసారి నొక్కి ఆమె మంచం మీద కూర్చున్నాను. రాలేదు. మళ్ళీ నొక్కాను. రాలేదు. ఆ మంచం మీద కూర్చుని, మూసిన తలుపు చూస్తూ, ఎవరూ రాకపోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. గ్లాసు తీసి మంచం పట్టీని కొట్టాను.

తలుపు తెరుచుకుంది. అత్త గుమ్మంలో నిలబడింది. నా చేతిలో గ్లాసు చూసింది, స్విచ్ చూసింది, ముందుగది వైపు తిరిగి చూసింది. పెదవులు కదిలాయి. నేను ఒక్కో మాటా చదువుకున్నాను.

"సూస్తనే ఉన్న. ఎలగలే."

తర్వాత నా పక్కన వచ్చి కూర్చుంది.  మంగళవారం కఫం పడిన చేతులు కడిగేటప్పుడు నేను తీసేసిన ఆమె గాజులు ఇంకా కిటికీలోనే ఉన్నాయి. తీసుకుని తొడిగాను. చెయ్యి ఇచ్చింది.

మార్చి 7. సాయంత్రం ఆరు

ప్రేమ్‌కు ఫోన్ చేసి జరిగినదంతా వరసగా చెప్పాను. స్విచ్‌లో మూడు స్క్రూలుంటాయి, కరెంటు తెచ్చే వైరు నడుమ దాంట్లోనే ఉండాలన్నాడు. మరి పాత స్విచ్‌లోంచి వైర్లు పీకేటప్పుడు నడుమ స్క్రూలో ఏది ఉందో గుర్తు పెట్టావా అని నేనే అడిగాను.

"పెట్టలే సరళా. మూడూ ఎర్ర వైర్లే. అందాజ్‌గ పెట్టిన."

ఆదివారం దాకా ఆగమన్నాడు. ఆగనన్నాను. అయితే ఫోన్ పెట్టేయకుండా చేయమన్నాడు. మెయిన్ ఆపాను. మంచం దగ్గరి స్విచ్ విప్పి మూడు వైర్లూ ఊడదీసి, ఒకదానికొకటి తగలకుండా విడదీశాను. రబ్బరు చెప్పులు వేసుకుని మెయిన్ వేశాను. చేయి తగలనీయకుండా టెస్టర్ ఒక్కొక్క కొసకూ ఆనించాను. ఒక్కదానికే టెస్టర్ వెలిగింది. కరెంటు తెచ్చేది అదే. అది నడుమ ఉండాలట, ప్రేమ్ పక్కన పెట్టాడు. మళ్ళీ మెయిన్ ఆపి, దాన్ని నడి స్క్రూలో, మిగతా రెండూ చెరో పక్క బిగించాను. చెమటకు స్క్రూడ్రైవర్ జారుతోంది. ఫోన్‌లో అతని ఊపిరి వినిపిస్తోంది.

అత్త నొక్కింది. వెలిగింది. ఆర్పాను. నొక్కింది. వెలిగింది. ఆర్పాను. నొక్కింది. వెలిగింది.

మార్చి 9, ఆదివారం

సింధు వదిన కోదాడ నుంచి పొద్దున్నే వచ్చింది. బ్యాగు తెచ్చుకుంది.  అత్తే వదిన చేయి పట్టుకుని తీసుకెళ్ళి స్టూలు మీద కూర్చోబెట్టి, తాను లోపలికి పోయి నొక్కింది. ఎన్నిసార్లని. వదిన ప్రతిసారీ ఆర్పింది. కాసేపయ్యాక ఆర్పడం మానేసి బల్బు వైపు చూస్తూ కూర్చుంది.

అయినా దుమ్ము సంగతేంటని అడిగింది. ఆ మాట నిజమే.  మధ్యాహ్నం ప్రేమ్ వచ్చాక ముగ్గురం మాట్లాడుకున్నాం. గిర్ని పెట్టుకోవడానికి వేరే చోట అద్దెకు మడిగ దొరికేదాకా తలుపుకు అవతల మందపాటి ప్లాస్టిక్ తెర కట్టాలని. అత్త ఎక్కడ ఉండాలన్నది అత్తనే అడిగాం. మంచం చూపించింది.

వదిన బ్యాగు తీసుకుని ఒక్కతే వెళ్ళింది.  బస్సెక్కాక మెసేజ్ పెట్టింది. చేరగానే ఫోన్ చేస్తా, ఎత్తు అని.

మార్చి 11, మంగళవారం

ఇవాళ అత్త ఊరికే పిలుస్తూనే ఉంది. వెళ్తే ఏమీ అక్కర్లేదు. వస్తానో రానో చూస్తోంది. వెళ్ళాను. పిండి చేతులతోనే వెళ్ళాను. పద్దెనిమిదోసారో ఇరవయ్యోసారో కోపం వచ్చింది. అప్పుడూ వెళ్ళాను.

మార్చి 19, బుధవారం

ఇవాళ బల్బు ఒక్కసారి కూడా వెలగలేదు. పదకొండు దాటాక ఉండబట్టలేక గిర్ని ఆపి పరిగెత్తాను. అత్త కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి విసుక్కుంది. నేను పిలవలే గద, పో అని పెదవులతో అంది.