మాతృభాష గడి

శుక్రవారం, రాత్రి

మా ఏడో తరగతిలో తెలుగులో ఎప్పుడూ ఫస్ట్ వచ్చేది ఒడియా పిల్ల సుమిత్ర. మూడేళ్ల క్రితం వాళ్ల నాన్న ఆటోనగర్‌లో వెల్డింగ్ పనికి వచ్చినప్పుడు దానికి తెలుగు ముక్క రాదు. ఈరోజు వాళ్లమ్మ టీసీ కోసం వచ్చింది. చెన్నైలో పని దొరికిందట, సాయంత్రమే రైలట.

"పరీక్షలయ్యేదాకా మా ఇంట్లో ఉంచండమ్మా" అన్నాను.

"పిల్లని వదిలి ఎట్టా ఉండేది టీచర్ గారూ?" అంది.

టీసీ నింపుతుంటే సుమిత్ర నా పక్కకొచ్చి, "మాతృభాష దగ్గర తెలుగని రాయండి టీచర్" అంది మెల్లగా. వాళ్లమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. ఒడియా అనే రాశాను. అది చూసి పిల్ల దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

నేను రాసింది తప్పు కాదు. అయినా సుమిత్రను ఒక్కసారి దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడాలనుంది. వాళ్ల రైలు ఈపాటికి సూళ్లూరుపేట దాటి తమిళనాడులోకి వెళ్లిపోయి ఉంటుంది...