చొంగగుడ్డ మీది వాసన

మహాఘనత వహించిన అక్క సముఖానికి,

నీ ఏకైక తమ్ముడు సాష్టాంగపడబోయి, నడుం పట్టేసి, సగంలో ఆగి రాసుకుంటున్న విన్నపం.

ఈ ఉత్తరంలో అక్షరాలు వంకరగా ఉన్నందుకు, కాగితానికి ఎలకల వాసన అంటినందుకు, నీకు పన్నెండు రోజులుగా జవాబు రాయనందుకు, చిన్నప్పుడు నీ పలక పగలగొట్టినందుకు కూడా సవినయంగా క్షమాపణ వేడుకుంటున్నాను. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ఈ ల్యాబులో నేనూ, మా మేడమూ, నలభై రెండు ఎలకపిల్లలూ.

నీ మూడు ప్రశ్నల్లో తేలికదానితో మొదలుపెడతాను. తింటున్నాను. నిలబడి తింటున్నాను, కూర్చుంటే నిద్రొచ్చేస్తోంది. ఒక్కొక్క పిల్లనీ అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి, తూచి, డ్రాపరుతో నోట్లో చుక్క ఆల్కహాలు వేసి, మళ్లీ తూచాలి. ఏడాదిగా ఇదే ఉద్యోగం, ఇదే సంసారం. మొన్న బస్సులో కండక్టరు చిల్లర కోసం చెయ్యి చాపితే ఆయన్నీ తూచబోయాను.

రెండోది, బావ తాగుడు అలవాటు నీ కొడుకు బుడంకాయకి రక్తంలో వస్తుందా అని. రక్తం సంగతి మా ఎలకలు చెప్పవు. అవి చెప్పేది వేరే. మెదడు తనంతట తానే నల్లమందు లాంటి సరుకు ఒకటి తయారుచేసుకుంటుందక్కా. కళ్లు కూడా తెరవని పిల్లకి తల్లి పాలు తగిలితే, ఒంటి వెచ్చదనం తగిలితే అది ఊరుతుంది. ఇక్కడ బాగుంది, ఇక్కడే ఉండు అంటుంది. ఆల్కహాలు చుక్క పడినా అదే ఊరుతుంది. పాపం ఆ పిల్లకి తేడా తెలియదు. రెండు రోజులాగి ఆ వాసన చూపిస్తే అటే పాకుతుంది. సగం పిల్లలకి మాత్రం ఆ సరుకు పని చెయ్యకుండా అడ్డుపడే మందు ముందే ఇస్తాం. వాటికి వాసన తగిలినా పట్టదు. "ఇవన్నీ తాగుబోతులైపోతున్నాయా మేడమ్?" అని ఒకసారి అడిగాను. "తాగుబోతులు కాదోయ్, గుర్తుపెట్టుకుంటున్నాయి అంతే" అన్నారు.

ఇక మూడోది. మానేసినవాడు నిజంగా మానేసినట్టేనా అని.

బావ తాగుడు మానేసి పదకొండు నెలలైంది. నన్ను బస్సెక్కించి వచ్చిన ఆ ఆదివారం సాయంత్రం బుడంకాయ చొంగగుడ్డ విప్పితే గుప్పున మందు వాసన కొట్టిందని రాశావు. మర్నాడు బావ పనిముట్ల పెట్టెలో సగం ఖాళీ అయిన చిన్న సీసా దొరికిందని, అడిగితే "నాది కాదు" అన్నాడని రాశావు. "మరెవరిది, గోడదా?" అన్నావట. ఆయన చాప చుట్టుకుని బయటికి వెళ్లిపోయాడట. తొమ్మిది రోజులుగా మోటార్ల షెడ్డులో రాగితీగ చుట్టల మధ్య పడుకుంటున్నాడని, నువ్వు వకీలుతో మాట్లాడావని, "నువ్వు చదువుకున్నవాడివి కదరా, నీ మాట మీదే తేల్చుకుంటా" అని రాశావు. ఆ తొమ్మిదికి నా పన్నెండు కలిపితే ఇరవై ఒకటి.

దీనికి జవాబు నాలుగుసార్లు రాసి చించాను. నాలుగింటిలోనూ బోలెడు విజ్ఞానం ఉంది.

పైన వేడుకున్న క్షమాపణలన్నీ ఉత్తుత్తివి. బావ తాగలేదు. ఆ సీసా నాది. "మా తమ్ముడు ఎలకలకి పోస్తాడు గానీ తను ముట్టడు" అని పక్కింటావిడకి గొప్పగా చెబుతుంటావే, ఆ తమ్ముడిదే.

పసివాడి నోటికి మందు తగిలితే ఏమవుతుందని, ఎవరి పిల్లాడో అన్నట్టు మేడమ్‌ని అడిగాను. వేలికంటిన తడి ఏం చేస్తుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరని, పిల్లల డాక్టరుకి దాచకుండా చెప్పి చూపించమని అన్నారు. ఈ ఉత్తరం అందగానే బుడంకాయని తీసుకెళ్లు.

ఆ మధ్యాహ్నం నువ్వు స్నానానికెళ్లావు. బావ బయట స్కూటర్ తుడుస్తున్నాడు. పళ్లొచ్చే బాధతో బుడంకాయ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నా సీసా వంచి వేలు తడిపి వాడి చిగుళ్లకి రాశాను. రెండుసార్లు. ఏడుపు ఆపి నా వేలు పట్టుకుని చప్పరించాడు. అలవాటైన చెయ్యి, పొరపాటున చేసేసింది అని రాద్దామనుకున్నాను. కాదక్కా. ఏం చేస్తాడో చూద్దామనిపించింది. నవ్వాను కూడా.

తలెత్తితే గుమ్మంలో బావ. వాణ్ని ఎత్తుకుని, మూతి ఆ చొంగగుడ్డతోనే తుడిచాడు. సీసా లాక్కుని తన పెట్టెలో పడేశాడు. "ఇది నేను చెప్పను. మీ అక్కకి నువ్వే చెప్పుకో" అన్నాడు.

సరే బావా, ఇవాళే చెప్పేస్తా అన్నాను. చెప్పకుండా బస్సెక్కాను.

ఇట్లు,
ఇంకా ఆ వరస నిలిస్తే,
నీ తమ్ముడు