కాలవ పక్క పాతిక సెంట్లు

ముందు చట్నీ సంగతి తేల్చాలి. రేపల్లె స్టేషను ఎదుట హోటల్లో ఇడ్లీకి పోసే చట్నీలో కొబ్బరి కనపడి మూడేళ్ళయింది. అడిగితే, "పళ్ళు లేనోడివి, నీకు కొబ్బరెందుకు తాతా" అంటాడు సర్వరు. ఈ మాట కూడా కాయితం మీద ఉండాలి.

ఇక అసలు సంగతి. చాట్ల దేవదానం అనే నేను, రైసుమిల్లులో కాటా దగ్గర పనిచేసి మానినవాణ్ణి, బుర్ర సరిగ్గా ఉండగానే, ఎవరి బలవంతం లేకుండా, నా చేత్తో నేనే రాస్తున్నా. అక్షరాలు వంకరపోతే అది చేతి తప్పు, బుర్ర తప్పు కాదు. దీన్ని అమలు జరిపించే బాధ్యత రిబ్కా టీచరమ్మది. ఆవిడంటే నా కొడుకు బర్నబాసుకి భయం. నాకూ భయమే.

1. ఇల్లు నా కొడుకు బర్నబాసుకి. వాన కురిసే మూల కూడా నీదేరా చర్చి పెద్దా.

2. గొడుగు, పులిజూదం పలక ఇమాముద్దీన్‌కి. ఆటలో తొండి చేస్తాడు గానీ, మా ఆవిడ రాహేలు పోయాక సాయంత్రాలు నా దగ్గర కూచుంది ఆయనొక్కడే.

3. కాలవ పక్క పాతిక సెంట్లు, నా స్వార్జితం, నా మనవరాలు ప్రేమకుమారికి. కోర్టులో ఎవరూ మెలిక పెట్టకుండా చెబుతున్నా: బర్నబాసు మార్కు అని మగపేరు పెట్టి బాప్తిస్మం ఇప్పించి, చీర కట్టిందని 1983లో ఇంట్లోంచి వెళ్ళగొట్టిన బిడ్డే ఈ ప్రేమకుమారి. ఇవాళ తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూళ్ళ హిజ్రాలకీ తనే పెద్ద. పోలీసులు ఊరికే పట్టుకెళ్తే స్టేషను ముందు కూచుని విడిపించుకొస్తుంది. రేషన్ కార్డుల కోసం పోతే, "ఆడా మగా, ఏం రాయమంటావ్?" అని నవ్వాడంట గుమాస్తా. "ఆకలి అని రాయండి సార్" అందంట. నోరు నా పోలికే.

ఒక్క పనే తన వల్ల కాలేదు. బాపట్లలో తను కూతురిలా పెంచుకున్న హిజ్రా పిల్ల నాగూర్‌బీ చచ్చిపోతే ఏ సమాధుల దొడ్లోనూ చోటివ్వలేదు. రోజంతా శవాన్ని రిక్షాలో తిప్పి, చివరికి ఇసకదిబ్బల్లో పూడ్చారు. "బతికుంటే పోట్లాడొచ్చు తాతా, పోయాక ఎవరితో పోట్లాడాలి?" అంది. ఇంటికి రానివ్వరుగా, రైలు స్టేషను బల్ల మీదే మా మాటలన్నీ. పనులెక్కువై ఈ మధ్య రావట్లేదు. తెనాలి రైలొచ్చినప్పుడల్లా పోయి చూసొస్తున్నా.

4. ఆ పాతిక సెంట్లూ వాళ్ళ జనానికి సమాధుల దొడ్డి. నేనుండగానే బర్నబాసు దానికి బేరగాళ్ళని తెచ్చాడు. అందుకని నన్ను రాహేలు పక్కన పెట్టొద్దు. ఆ నేల నడిమధ్యన పూడ్చండి. తండ్రి సమాధి ఉన్న నేలని ఎవడు అమ్ముతాడో, ఎవడు కొంటాడో చూస్తా. రాహేలూ, కోప్పడకు. నలభయ్యేళ్ళు నా గురక విన్నావు, ఇక హాయిగా పడుకో. వాళ్ళల్లో ఎవరన్నా వచ్చేదాకా అక్కడ నేనొక్కణ్ణే. పర్లేదు. నువ్వు మాత్రం తొందరపడి రాకే ప్రేమా.

5. ఒరేయ్ బర్నబాసూ, ఆ నేలలో దెయ్యం గజ్జెలు మోగిస్తందని బేరగాళ్ళు పారిపోయారు చూడు, ఆ దెయ్యం నేనే. నువ్వు వెళ్ళగొట్టిన రోజు పిల్ల వెళ్తా వెళ్తా చూరులో వదిలేసిన గజ్జెలు తీసుకుని, పొద్దుగూకే వేళ తుమ్మల చాటున కూచుని ఊపేవాణ్ణి. కొల్లిపర కోటేశ్వరరావు గారు చెప్పులు వదిలేసి పరిగెత్తారు. ఇప్పుడు నేను తొడుక్కునేవి అవే. వాళ్ళంతా పోయాక కూడా, చీకటి పడేదాకా, ఊరికే ఊపుకుంటా కూచునేవాణ్ణి.

రేపల్లె, 1996 ఆగస్టు 9
చాట్ల దేవదానం (సంతకం)

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
పున్నయ్య, రైసుమిల్లు
యోబు, బడి మేష్టారు