హారతి పళ్లెం

గోరంట్ల,
ఆగస్టు 2004

లింగప్పన్నకు,

ఎదురుపడినా పలకడం లేదు కాబట్టి రాస్తున్నాను.

ఫ్యాక్టరీ కట్టడానికి మన శెనక్కాయల చేను ఇచ్చినందుకు అందులో మనిద్దరికీ ఉద్యోగాలిచ్చారు. మొన్న మనుషులను తగ్గించినప్పుడు నిన్ను తీసేసి, నీ తర్వాత చేరిన మేనేజరు బావమరిదిని ఉంచుకున్నారు. నేను ఎవరి కాళ్లో పట్టుకుని మిగిలానని నీ కోపం. లేదన్నా. పై ఆఫీసు వాళ్లు వస్తే చూపించడానికి భూమిచ్చిన ఇంటి ఆడమనిషి ఒకరు కావాలట. అందుకే ఉంచారు.

సోమవారం వాళ్లొస్తున్నారు. నేను హారతిచ్చి, "మా ఇంటిల్లిపాదికీ ఈ కంపెనీనే అన్నం పెడతాండాది" అని చెప్పాలట.

"మా అన్నను తీసేసినారు కద సార్" అన్నాను.

"అదొక్కటీ చెప్పకమ్మా" అన్నాడు మేనేజరు, నవ్వుతూనే.

మానేద్దామంటే నా చోటు కూడా ఆయన మనుషులకే పోతుంది. మన చేనులో మనవాళ్లంటూ ఎవరూ మిగలరు.

ఆ రోజు పని పోయిన మీరంతా గేటు ముందు ధర్నాకు కూర్చుంటారని విన్నాను. వద్దనను. గేటుకు లోపలి పక్క నేనే నిలబడి ఉంటాను. తిట్టుకో, మొహం తిప్పుకో. చిన్నప్పటి నుంచీ పిలిచినట్టు "పాపా" అని మాత్రం పిలవకు. పిలిస్తే పళ్లెం నా చేతుల్లో నిలవదు.

నీ చెల్లెలు