లారీ ఎక్కని అట్టపెట్టె

గురువారం, మధ్యాహ్నం

చెల్లికి,

అక్క దీవెనలు. మేమిక్కడ బాగానే ఉన్నాం. మీరెలా ఉన్నారని అడగడానికి మాత్రం నోరు రావడం లేదు. వరదలో ఇల్లు పైకప్పుదాకా మునిగిపోయి, బడిలో నేలమీద పడుకుంటున్న మనిషిని ఆ మాట ఎలా అడగను? మొన్న ఎవరి ఫోన్ నుంచో చేసి, గొంతు తగ్గించి నువ్వు చెప్పిన విషయం గురించే రాస్తున్నాను. నీ కూతురికి నెలసరి వచ్చిందనీ, కట్టుబట్టలతో బయటపడ్డారు కాబట్టి మార్చుకోవడానికి లోపలి బట్టలు కూడా లేవనీ, మరకలు కనిపిస్తాయని భోజనాల వరుసలోకి కూడా రాకుండా మూలన కూర్చుందనీ అన్నావు. ఆ గదిలో ఆడవాళ్ళందరిదీ అదే అవస్థ అన్నావు. అప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

మా అపార్టుమెంటు సంఘం మీ ఊరికి లారీ పంపుతోందని చెప్పాను కదా. ఆ సంబరం ఏం చెప్పమంటావు! సామానుకంటే ముందు బ్యానరు తయారైంది. మా అధ్యక్షులవారు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. లారీ ముందు నిలబడి ఫొటోలు దిగడమే ఆయన పని. అందుకే బ్యానరుగారని పేరు పెట్టాను. జనం ఇచ్చినవి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. జిప్పులు ఊడిన కోట్లు, ఎత్తు మడమల చెప్పులు, కిటికీ తెరలు. ఎవరో మహానుభావుడు టై కూడా ఇచ్చాడు. మోకాల్లోతు బురదలో టై కట్టుకుని మీరెక్కడికి వెళ్ళాలో!

మీటింగులో లేచి, అక్కడి ఆడవాళ్ళకు ఏం కావాలో ఉన్నదున్నట్టు చెప్పాను. మగవాళ్ళందరూ ఫ్యానుకేసి చూడడం మొదలుపెట్టారు. బ్యానరుగారు గొంతు సవరించుకుని, అలాంటివి వాళ్ళే ఏదోలా చూసుకుంటారమ్మా, సంఘం పేరు మీద పంపితే బాగుండదు అన్నారు. ఏదోలా అంటే ఎలాగండీ అన్నాను. ఆయన బ్యానరు కొలతల సంగతి ఎత్తుకున్నారు. పక్కనే ఆయన భార్య తల వంచుకుని కూర్చుంది. ఇద్దరు కూతుళ్ళను పెంచిన మనిషి ఆయన! నాకు ఒళ్ళు మండిపోయింది.

సరే, మీ సంఘం పేరు వద్దులెండి అని నేనే ప్యాడ్లు కొన్నాను. మిషను ముందు నుంచి లేవకుండా లోపలి బట్టలు కుట్టాను. అన్నీ ఒక పెద్ద అట్టపెట్టెలో సర్ది, లోపల ఏముందో పైన పెద్ద అక్షరాలతో రాసి లారీ ఎక్కించాను. ఈ పొద్దున ఫొటో తీస్తుంటే ఆ రాత ఆయన కంటపడింది. ఫొటోలో ఇదేమిటి అసహ్యంగా అంటూ పెట్టె దింపించేశారు. నేను అరిచిన అరుపులకు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, ఊరుకోండమ్మా అని నన్నే బతిమాలాడు. పోస్టులో వేద్దామని పోస్టాఫీసుకు వెళ్ళి అడిగితే, రోడ్డు తెగింది, సహాయం లారీలను మాత్రమే వేరే దారిలో వదులుతున్నారు అన్నారు.

ఇన్నేళ్ళుగా ఊరందరికీ కుట్టిపెట్టే దాన్ని, మన పిల్లకు ఒక్క గుడ్డముక్క పంపలేకపోయాను. సిగ్గుగా ఉంది. అంతకు మించి కోపంగా ఉంది. రేపు లారీ వస్తే ఆశపడకు. అందులో నీకు పనికొచ్చేది ఏమీ లేదు. ఈ ఉత్తరం డ్రైవరు చేతికిస్తున్నాను.

ఇట్లు,
చేతకాని నీ అక్క

తా.క. పైదంతా మధ్యాహ్నం రాసింది. ఉత్తరం ఇవ్వడానికి దిగుతుంటే బ్యానరుగారి భార్య మెట్ల దగ్గర ఆపింది. ఆయన పడుకున్నారు, కత్తెర పట్టుకురా అంది. ఆవిడ చంకలో ఇంకా మడత విప్పని నూలు దుప్పట్లు ఉన్నాయి. ఆవిడ ఒక కొస పట్టుకుంటే నేను కత్తిరించి నెలసరి గుడ్డలు కుట్టాను. టైర్లు చూసుకునే వంకతో డ్రైవరు లారీని ఆపి ఉంచాడు. కోట్లు అని రాసి ఉన్న పెట్టెల్లో ఇప్పుడు ఒక్క కోటు కూడా లేదు; పొద్దున దింపించేసిన నా సరుకూ, ఈ కుట్టినవీ ఉన్నాయి. వాటిని ఆడవాళ్ళ గదిలోనే విప్పు.

చిన్నప్పుడు ఒక వరదలో ఆవిడ కూడా ఇలాగే మూలన కూర్చుందట. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆయనకు చెప్పలేదట. అప్పుడు తనను ఎవరూ లేపలేదు అంది. నువ్వు మాత్రం మన పిల్లను లేపు.