మా బావ ఓడెక్కిన బయోడేటా

3-3-86, సోమవారం

సమస్త జనులకూ తెలియజేయడమేమనగా, ఈ ఉదయం నల్లపాడులో మా బావ మరియదాసు చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. తన పెళ్ళికి చెంబులో నిప్పులు పోసి తనే రుద్దుకున్న మనిషి. ఇవాళ ఇస్త్రీ బండి దగ్గర పెద్దమనిషిలా నిలబడ్డాడు. చూసినవాళ్ళు ధన్యులు.

విషయం ఏమిటంటే, గుంటూరులో వెంకటనారాయణ హోటల్ తెరుస్తున్నాడు. నిన్నటిదాకా మిరపకాయల వ్యాపారం ఒక్కటే. ఇప్పుడు ఏసీ అట, లిఫ్ట్ అట. చెఫ్ కావాలట, బయోడేటా పంపాలట. చెఫ్ అంటే వంటవాడే. నెత్తిన టోపీ ఒకటి ఎక్కువ.

బావ పెళ్ళిళ్ళకీ చర్చి కన్వెన్షన్లకీ వండుతాడు. సీజన్లో పని. మిగతా కాలమంతా అరుగుని కాపలా కాస్తాడు. ఇల్లు నడిపేది మా అక్క ఎలీసమ్మ. అదే వెంకటనారాయణ గోడౌన్లో మిరపకాయల్లో తాలు ఏరుతుంది. ఇంటికొచ్చాక చేతులు మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చుంటుంది. ఈ ఏడు దగ్గు కూడా పట్టుకుంది. ఆ ఘాటులోకి ఇంకా వెళితే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు తిట్టాడు. బావకి నెలజీతం వస్తే అక్క మానేస్తుంది. ఇస్త్రీ అందుకు.

బయోడేటా నేను రాయాలట. ఐదో తరగతి తప్పి, బోర్డులు రాసుకు బతికేవాణ్ణి. ఈ కొంపలో పండితుణ్ణి నేనే.

5-3-86, సాయంత్రం

నీకేం వచ్చు బావా అని అడిగాను. అన్నం వండుతానని రాయరా జక్రయ్యా అన్నాడు. ఇంకా? పప్పు. ఇంకా? మాంసం. ఇంకేమన్నా గొప్ప ఉంటే ఏడువు బావా అంటే, నేను వండితే ఎప్పుడూ ఎవరికీ తక్కువ పడలేదురా అన్నాడు.

ఇది రాసి పంపితే కవరు చించినవాడు నిద్రపోతాడు.

బయోడేటా అంటే బోర్డే. లోపల ఉన్నది రాస్తే ఎవడొస్తాడు? ఒక స్వీటు కొట్టుకి అచ్చమైన నెయ్యి అని ఎర్ర పెయింటుతో రాశాను. నేను ఎక్కి నిలబడి రాసింది డాల్డా డబ్బా మీద. జనం ఎగబడి కొంటున్నారు. జనం అంటే నాకు ఉన్న గౌరవం అంతే.

కాబట్టి బావని ఓడెక్కించాను. బొంబాయి నుంచి బయల్దేరే విదేశీ ఓడ, ఏడేళ్ళు హెడ్ చెఫ్. ఇటలీ దొర ఒకడు బావ వండిన కోడి తిని ఏడ్చి మెడల్ ఇచ్చాడు. పన్నెండు రకాల సూపులు. ఫ్రెంచి వంట. అక్క పక్కనుంచి విని, ఒరేయ్, దేవుడు వింటాడురా అంది. ఆయన అప్లికేషన్లు చదవడక్కా అన్నాను.

6-3-86

టైపు ఇన్‌స్టిట్యూట్ గురునాథం గారి దగ్గర ఇంగ్లీషులోకి మార్పించాం. గుమ్మంలో ఏరా మరియదాసూ అన్నవాడు, రెండో పేజీ కొట్టేసరికి మరియదాసు గారూ కూర్చోండి అన్నాడు. ఇరవయ్యేళ్ళుగా బావని ఎరిగినవాడు. తను కొట్టిన అబద్ధం తనే నమ్మాడు. చదువుకున్నవాళ్ళ పని ఇంత సులువు.

12-3-86

పిలుపొచ్చింది! సోమవారం వచ్చి వండి చూపించాలట.

బావ ముఖం పాలిపోయింది. ఓడలో నేనేం వండానురా అని గంటకోసారి అడుగుతున్నాడు. ఏది వండమంటే అది వండుతాను, ఓడ గురించి మాత్రం అడగొద్దండీ అని చెప్పు బావా అన్నాను. నవ్వలేదు. నవ్వడం రాని మనిషి.

అక్క గోడౌన్లో అందరికీ చెప్పేసింది. వచ్చే నెల నుంచి రానని మేస్త్రీకి కూడా చెప్పిందట. అది చెప్పకుండా ఉండాల్సింది.

17-3-86, సోమవారం

ఘనకార్యం పూర్తయింది. నేను హోటల్ వంటింటి గుమ్మంలోనే ఉన్నాను, కళ్ళారా చూశాను.

తెల్ల టైల్స్, గ్యాసు పొయ్యి. బావ జన్మలో గ్యాసు ముట్టించలేదు. ఆయనకి తెలిసింది గాడిపొయ్యి. నేల తవ్వి, కట్టెలు పేర్చి, కిరసనాయిలు పోసి, మోకాళ్ళ మీద నిలబడి ప్రార్థన చేసి, ఆ తరవాత అగ్గిపుల్ల. ఇరవై ఏళ్ళుగా అదే వరస. ఇక్కడా అదే చేశాడు. గ్యాసు తిప్పాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కళ్ళు మూశాడు. మా బావ ప్రార్థన పొట్టిగా ఉండదు. అక్క చేతులు, అక్క దగ్గు, హోటల్ ఓనరు, ఓనరు పిల్లలు, అందరూ వచ్చారు. ఆమేన్ అని అగ్గిపుల్ల గీశాడు.

భగ్గుమంది. కనుబొమ్మలు రెండూ పోయాయి. మీసం సగం పోయింది.

అయినా వండాడు! అదీ తెగువ. నలుగురికి మాంసం వేపుడు చెయ్యమన్నారు. బావకి చిటికెడు అనే కొలత తెలీదు, గుప్పెడే తెలుసు. ఉప్పు గుప్పెడే వేశాడు. వెంకటనారాయణ ఒక ముక్క నోట్లో పెట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాడు.

ఓడలో ఇలాగే వండావా అని అరిచాడు. బావ సగం మీసంతో చేతులు కట్టుకుని, నేను ఓడెక్కలేదండీ, కొత్తపట్నం సముద్రానికి పోయినప్పుడు కూడా గట్టునే నిలబడ్డానండీ, అదంతా మా బావమరిది రాశాడండీ అన్నాడు. వేలు పెట్టి నన్ను చూపించాడు.

ఆ మిరపకాయల షావుకారు నన్ను ఎగాదిగా చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. గురువారం నువ్వొక్కడివే రారా, నీతో పనుంది అన్నాడు.

18-3-86

 అక్క మేస్త్రీని బతిమాలుకుని మళ్ళీ తాలు ఏరడానికి పోయింది.

20-3-86, గురువారం

వెళ్ళాను. మెనూ కార్డు రాయమన్నాడు. బయోడేటా రాసినట్టే రాయాలట. మా గోంగూర మాంసానికి మొగలాయీల పేరేదన్నా పెట్టరా, చదివినవాడికి నోరూరాలి అన్నాడు. ఉద్యోగం అడిగినవాడికి గాయం, అబద్ధం రాసినవాడికి పిలుపు. ఇలాంటి ఊరిని నేను గౌరవించాలట.

నేను కుర్చీలో వెనక్కి వాలి, అయ్యా, మా బావకి నలుగురికి వండటం రాదు, నాలుగొందలమందికి పెట్టి చూడండి అన్నాను. హోటల్ వెనక పెళ్ళిళ్ళ హాలు కట్టారు కదా, అక్కడ గాడిపొయ్యి తవ్వించండి, కట్టెలు ఇప్పించండి, నెలజీతం ఇవ్వండి, లేకపోతే మెనూ మీరే రాసుకోండి అన్నాను. వాడు కాసేపు గింజుకుని ఒప్పుకున్నాడు.

అదీ జక్రయ్య దెబ్బ.

6-4-86, ఆదివారం

మొదటి పెళ్ళి అయింది. ఎవరికీ తక్కువ పడలేదు. అక్క గోడౌన్ మానేసింది.

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఓడ నేను కల్పించాను. ఇటలీ దొర, మెడల్, సూపులు, అవీ కల్పించాను. గురువారం నేను కుర్చీలో వెనక్కి వాలానని రాసింది కూడా కల్పితమే. కూర్చోమని ఎవడూ అనలేదు. మెనూ కార్డు రేటు ఒప్పుకుని బయటికి వస్తుంటే అక్క లోపలికి వచ్చింది, గోడౌన్ నుంచి నేరుగా, చేతులు కూడా కడుక్కోకుండా. రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. నాలుగొందలమంది మాట అక్కది. గాడిపొయ్యి మాటా అక్కదే. నేను తలుపు పక్కన నిలబడి ఆ ఘాటుకి తుమ్మాను.

బావకి కనుబొమ్మలు ఇంకా రాలేదు. అది నిజం.