ఇరవై ఒకటో పేజీ ఖాళీగా ఉండాలి

సోమవారం, ఉదయం 6:30
అమ్మ దృష్టిలో నేను పిసినారిని. అన్నయ్య దృష్టిలో దుబారా మనిషిని. నాన్నేమో నేను ప్రేమలో పడి తిండి మానేశానని తేల్చేశారు. ఒక్కరైనా నన్ను అడిగితే కదా!

నిన్నటి నుంచి తిండి కూడా మరిచి పైసా పైసా లెక్కేస్తున్నాను. సంగతి ఇది. ప్రభుత్వ రహస్య పత్రాల విభాగంలో అనువాదకురాలిగా ఎంపికయ్యాను. చేరాలంటే భద్రతా అనుమతి కావాలి. దానికో ముప్పై నాలుగు పేజీల ఫారం. ఇరవై ఒకటో పేజీ: మీకున్న అప్పులు. పీకల దాకా అప్పుల్లో ఉన్నవాళ్ళని డబ్బుతో లొంగదీయడం తేలికట!

నావి: క్రెడిట్ కార్డు. లాప్‌టాప్ వాయిదాలు. అన్నయ్య వ్యాను లోనుకి నేను పెట్టిన హామీ సంతకం. (వాడు మూడు వాయిదాలు ఎగ్గొట్టాడు.)

ఫారం ఇవ్వడానికి పది రోజుల గడువుంది. ఈలోగా మొదటి రెండూ తీర్చేస్తాను. అన్నయ్య వేరే హామీదారుణ్ణి వెతుక్కుంటాడు. కొత్త అప్పు ఒక్కటీ చేయను. పేజీ ఖాళీ!

బుధవారం, 8:10
బస్సు మానేశాను. నేను పాఠాలు చెప్పే ట్యూషన్ సెంటర్‌కి నడకే, నలభై నిమిషాలు. కాఫీ కూడా బంద్. ఎంత తేలిగ్గా ఉందో! జనం ఎందుకు అప్పులు చేస్తారో అర్థం కాదు.

శనివారం
నడిచి నడిచి చెప్పు తెగింది. కొత్త జత, కార్డు మీద. ఇది అప్పు కాదు, పొదుపుకి పెట్టుబడి. (నెల బస్సు పాసుకి నాలుగు రెట్లు.)

మంగళవారం, సాయంత్రం 5:00
కార్డు సున్నా! లాప్‌టాప్ సున్నా!! కింది వాటాలో ఉండే టైలర్ పిన్ని సర్దింది. కాస్త వడ్డీ. కాగితం లేదు, సంతకం లేదు. కాగితమే లేనిది అప్పెలా అవుతుంది? చేబదులు. చేబదులుకి ఫారంలో గడి లేదు, వెతికి చూశాను.

గురువారం
"నా వ్యాను ఊసెత్తావంటే చూడు! ఫారం సరిచూసే ఆఫీసరు పోయి మా అత్తారింట్లో ఆరా తీస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు అన్నయ్య.
"హామీదారుణ్ణి మారుస్తానన్నావుగా?"
"మారుస్తానే తల్లీ! వ్యాను ఎక్కడికీ పారిపోదుగా!"

నిజమే, లోను వాడిది. నాది సంతకమే. "ఏమీ లేవు" అని రాసి ఇచ్చేశాను. నా నడవడి గురించి చెప్పగల పొరుగువారి పేరు అడిగారు. టైలర్ పిన్ని పేరిచ్చాను. నన్ను మెచ్చుకునే మనిషి ఇంకెవరున్నారు?

ఆదివారం
కార్డు సున్నాకి రాగానే బ్యాంకువాళ్ళు మురిసిపోయి పరిమితి రెట్టింపు చేశారు. భద్రతా అనుమతి ఇంటర్వ్యూకని అదే కార్డు మీద కోటు కొన్నాను. దేశభద్రత కోసం.

మంగళవారం, 10:20
విచారణాధికారి పిన్ని దగ్గరికి వచ్చారు. మెట్ల మీద నిలబడి విన్నాను. కుట్టుమిషను ఆగింది.
"డబ్బు విషయంలో ఆ అమ్మాయి ఎలాంటిది?"
"బంగారం సారూ! నా దగ్గర తీసుకున్నదానికి నెల తిరక్కముందే వడ్డీ తెచ్చిచ్చింది. పైగా వాళ్ళన్న వ్యాను బాకీ కూడా దీని మెడకే చుట్టుకుంది. అయినా నోరెత్తదు, పాపం!"
ఆయన చాలాసేపు రాసుకున్నారు.

బుధవారం, 11:00
ఆయన గది. బల్ల మీద నా ఫారం, ఇరవై ఒకటో పేజీ.
"అప్పులున్నవాళ్ళు మా దగ్గర చాలామందే పనిచేస్తున్నారమ్మా. నాకూ ఇంటి లోనుంది."
"మరి నేను చేసిన తప్పేంటండీ?"
"దాచారు. దాచిన సంగతి పట్టుకున్నవాడు ఎలా ఆడమంటే అలా ఆడాలి. మాకు భయం దాంతోనే. శుక్రవారం లోపు సరిదిద్ది ఇవ్వండి."
"రాస్తే ఉద్యోగం వస్తుందా?"
"చెప్పలేను. రాయకపోతే మాత్రం రాదు."

గురువారం, సాయంత్రం 6:40
అన్నీ రాసిస్తానని ఇంట్లో చెప్పాను. అన్నయ్య అరిచాడు. "తోడబుట్టినవాడి కంటే కాగితం ఎక్కువైందా?" అంది అమ్మ. నాన్న పరిష్కారమే కనిపెట్టారు: "ముందు ఉద్యోగంలో చేరు. జీతంతో వాడి వాయిదాలు కట్టెయ్. అప్పుడిక రాయడానికి ఏమీ ఉండదు కదా!"

ఈరోజు నుంచి మళ్ళీ మొదలు. కొత్త అప్పు లేదు. పిన్ని బాకీ, కోటు బాకీ, వ్యాను సంతకం, అన్నయ్య ఎగ్గొట్టిన వాయిదాల లెక్క, అన్నీ రాశాను. రేపు తొమ్మిదింటికి ఇచ్చేస్తున్నాను.